మైకు చేతికిస్తే

మా జీడిపప్పు ఫ్యాక్టరీ యజమాని ఒకప్పటి ఎమ్మెల్యే. ఓడిపోయాక పలాసలో వ్యాపారం పెట్టాడు. ఏమడిగినా "కుదర్దు" అనేవాడు. చేతికి మైకిస్తే మాత్రం ఆ మాట నోరు దాటేది కాదు.

ఆ వేసవిలో రేకుల షెడ్డులో పొట్టు తీసే ఆడవాళ్లిద్దరు కళ్లు తిరిగి పడిపోయారు. మిగిలినవాళ్లు ఫ్యాన్లు అడిగారు. "ఫ్యానేత్తే పొట్టెగిరిపోతాది, కుదర్దు" అని చెప్పడానికే ఆయన బయల్దేరాడు. షెడ్డు గుమ్మంలోనే, పొట్టు తీసేవాళ్లలో పెద్దదైన అప్పలమ్మత్త, పక్క పెళ్లిపందిట్లోంచి తీగతో సహా లాక్కొచ్చిన మైకు ఆయన చేతిలో పెట్టింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అక్కలారా, చెల్లెళ్లారా! ఫ్యాన్లు మీ హక్కు! నేనున్నాను!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆఫీసు గుమాస్తానైన నేనూ కొట్టాను.

సాయంత్రానికి ఆయన తేరుకుని, "సూద్దాంలే అప్పలమ్మా, ఎప్పుడో ఒకప్పుడు" అన్నాడు.

"ఓట్లేసినోలైతే అయిదేళ్లకోసారి వత్తారు బావూ. మేవు రేపు పొద్దుటే వచ్చేత్తాం" అంది అత్త.

ఫ్యాన్లొచ్చాయి. పొట్టు నిజంగానే ఎగిరింది. ఎగిరి ఎగిరి ఆయన తెల్ల ఖద్దరు మీదే వాలేది. ఆయన దులుపుకునేవాడు కాదు.

"గెలిసినప్పుడు కూడా ఇన్ని పూలు సల్లలేదురా" అనేవాడు నాతో.