రోలు ముందు

2008 అక్టోబరు రెండో మంగళవారం ఉదయం నేపర్‌విల్‌లో షికాగో రైలెక్కాను. పక్క సీటులో ఒక తెలుగమ్మాయి లాప్‌టాప్ చూస్తూ కళ్లు తుడుచుకుంటోంది. పదింటికి ఉద్యోగం ఇంటర్వ్యూ అట. అక్కడ చూపించాల్సిన ప్రోగ్రామ్ మధ్యలోనే ఆగిపోతోందట.

"ఒకేసారి నడిచే రెండు ప్రాసెస్‌లు ఆంటీ, రెండు సెమాఫోర్లు. సెమాఫోర్ అంటే తాళం లాంటిది. పని జరగాలంటే రెండు తాళాలూ కావాలి. ఇదేమో ఒకటి పట్టుకుని రెండోదాని కోసం వెయిట్ చేస్తుంది, అదేమో రెండోది పట్టుకుని దీనికోసం వెయిట్ చేస్తుంది. ఏదీ వదలదు."

"నేనూ మా తోడికోడలూ అంతే. నేను రోలు పట్టుకుని కూర్చుంటే, ఆమె రోకలి పట్టుకుని నిలబడేది. ఎవరి కారమూ దంచడం అయ్యేది కాదు. చివరికి మా అత్తగారు ఒక్క మాట చెప్పింది. రోలు దక్కనివాళ్లు రోకలి ముట్టకూడదని."

ఆ అమ్మాయి కాసేపు తెరవైపు చూసింది. "రెండు ప్రాసెస్‌లూ తాళాలు ఒకే వరసలో పట్టుకోవాలి," అనుకుంటూ రెండు లైన్లు తారుమారు చేసింది. ప్రోగ్రామ్ చివరిదాకా నడిచింది.

"ఒకసారి నడిస్తే చాలదు. మళ్లీ నడిపించు," అన్నాను.

మళ్లీ నడిచింది.

షికాగోలో దిగేటప్పుడు వెనక్కి తిరిగి అడిగింది. "మరి మీ తోడికోడలు పోట్లాట మానేసిందా ఆంటీ?"

"మానలేదమ్మా. కారం మాత్రం ఇద్దరిదీ నలిగింది."

ఆ అమ్మాయి నవ్వుకుంటూ ఇంటర్వ్యూకి వెళ్లింది.