మొగ్గకు పెట్టిన టోపీ

బావ పోయాడని అక్క ఫోన్ చేసినప్పుడు నేను బాగలూరు బస్టాండులో టీ తాగుతున్నాను. "నిద్రలోనే పోయినాడప్పా. కాఫీ కలిపి లేపితే లెయ్యలేదు. గుండె నిలిచిపోయిందన్నారు," అంది. సగం టీ అట్లాగే వదిలేసి అక్కవాళ్ళ ఊరు బేరిగైకి బస్సెక్కాను.

నిద్రలోనే పోయాడన్న మాటకు దారిపొడుగునా మనసు కొంచెం కుదుటపడుతూ వచ్చింది. అదేమిటని మీరు అనుకోవచ్చు. బావ నిద్రపోయాడంటే మా ఇంట్లో ఎప్పుడూ అది మంచి కబురే. ఎందుకో చెబుతాను. నాకు మాట్లాడటమే తక్కువ, రాయడం ఇంకా తక్కువ. తోచినట్టు చెబుతాను.

బావకు బేరిగైలో గులాబీలు పెంచే పాలిథీన్ షెడ్డు ఉంది. గులాబీ మొగ్గ లేతగా ఉండగానే దాని మీద సన్నటి వల తొడుగుతారు. బొటనవేలికి పట్టేంత చిన్నది. అది ఉంటే మొగ్గ తొందరపడి విచ్చుకోదు, నిండుగా లావెక్కుతుంది. షెడ్డులో అందరూ దాన్ని క్యాప్ అంటారు. బావ మాత్రం టోపీ అనేవాడు.

చాలా ఏళ్ళ కిందట, ఆయన జబ్బుకు ఒక పేరుందని మాకు తెలియని కాలంలో, ఒక పొద్దున షెడ్డులోకి పోయి ఆ టోపీలన్నీ పీకేశాడు. "ఊపిరాడక చస్తా ఉండాయి పాపం! పూసేదాన్ని పూయనీయండప్పా!" అని ఒకటే కేకలు. అప్పటికి చాలా రోజులుగా ఆయనకు నిద్ర లేదు, అలసటా లేదు. తెలుగులో మొదలుపెట్టిన మాట కన్నడంలోకి పోయి అరవంలో తేలేది. పనివాళ్ళు మొదట నవ్వారు. పూలన్నీ అదనుకు ముందే విచ్చుకుని మార్కెట్టుకు పనికిరాకుండా పోయాక ఎవరూ నవ్వలేదు. కొన్నాళ్ళకు అదే మనిషి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అక్క ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టినా నోరు తెరిచేవాడు కాదు. గాలి సోకిందన్నాం. తాయెత్తు కట్టించాం.

చివరికి కృష్ణగిరిలో ఒక డాక్టరమ్మ దానికి పేరు చెప్పింది. బైపోలార్. మనసు కొన్నాళ్ళు మితిమీరి పైకి పోతుందనీ, కొన్నాళ్ళు అంతే కిందికి జారుతుందనీ, అందులో మనిషి తప్పేమీ లేదనీ, మాత్రలు మాత్రం మానకూడదనీ నిదానంగా చెప్పింది. తిరుగు బస్సులో బావ ఆ మాటను కొత్త పండు కొరికి చూస్తున్నట్టు పదేపదే అనుకున్నాడు. "బైపోలార్... పేరు బాగుండాదప్పా. లారీ కంపెనీ పేరు మాదిరి!"

మాత్రలు పట్టాక ఒకరోజు నాతో, "డాక్టరమ్మ నాకు టోపీ పెట్టిందప్పా," అన్నాడు.

"మోసం చేసిందా?" అన్నాను బెదిరిపోయి.

"ఛీ, ఆ టోపీ కాదు. గులాబీ టోపీ." నవ్వి, మళ్ళీ ఆలోచనలో పడ్డాడు. "టోపీ పెడితే మొగ్గ చిన్నదైపోదు కదా. కాకుంటే మరీ బిగువుగా ఉంటే లోపలే మగ్గిపోతాది. నాది ఎంత బిగువో అడగాల."

ఒకసారి తనంతట తాను మాత్రలు మాని చూశాడు. మళ్ళీ ఆ గోడే మిగిలింది. ఆ తర్వాత ఏ అనుమానం వచ్చినా కృష్ణగిరికే పోయి అడిగేవాడు. మనసు మొద్దుబారినట్టు ఉందని చెబితే ఆమె మందు మార్చింది కూడా. తన జబ్బును తానే పక్కింటివాణ్ణి చూసినట్టు చూసేవాడు. ఎప్పుడొస్తాడు, ఏం తొడుక్కుని వస్తాడు, వచ్చేముందు ఎట్లా దగ్గుతాడు, అన్నీ గమనించేవాడు.

ఒక్కటే ఆయనకు అందలేదు. "దిగులు వస్తే ఇది జబ్బని తెలుస్తాదప్పా. సంతోషం వస్తేనే భయం. అది నాదా, దానిదా?" అనేవాడు. కడుపారా నవ్వుతున్నవాడు మధ్యలో ఆగి అక్క మొహం చూసేవాడు. తొలివాన పడితే వాకిట్లోకి వచ్చి, సగం నవ్వు నవ్వి, లోపలికి వెళ్ళిపోయేవాడు. ఇంత భయపడుతూ బతకడమేమిటని నాకు కష్టంగా ఉండేది.

డాక్టరమ్మను అదీ అడిగాడు. నిద్ర ఎట్లా ఉందో చూసుకోమంది, దగ్గరగా చూసే మనిషిని ఒకరిని అడగమంది. ఆయన నన్ను ఎంచుకున్నాడు.

"నువ్వే సరిపోతావు. నీకు నోరు లేదు కాబట్టి చెవులు ఖాళీగా ఉంటాయి."

"వీడా!" అంది అక్క. "వీడు నోరు తెరిచేలోపల నువ్వు బెంగుళూరు పోయి వచ్చేస్తావు!"

అప్పటినుంచి ఫోన్ చేస్తే చాలు, "ఏమప్పా, మొగ్గ యాడ దాకా వచ్చింది?" అని తన మనసు సంగతి అడిగేవాడు. నేను ఆయన మాట వినేవాణ్ణి. మూడు భాషలూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తుంటే, "నిద్రపోయినావా బావా?" అని మాత్రం అడిగేవాణ్ణి. ఒక్కోసారి కోపం వచ్చేది. "నువ్వేమన్నా డాక్టరా?" అని ఫోన్ పెట్టేసేవాడు. మర్నాడు మళ్ళీ తనే చేసేవాడు. "సరే, నిజం చెప్పు. యాడ దాకా వచ్చింది?"

బావ పోవడానికి కొన్నాళ్ళ ముందు ఆయన మనవరాలి పెళ్ళి సూళగిరిలో జరిగింది. తాళి కట్టగానే బావ అక్షింతలు వేసి, మేళగాళ్ళ దగ్గరకు పోయి, డోలుకు తగ్గట్టు భుజాలు ఊపాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అంతలోనే ఆయన మొహం మారిపోయింది. నన్ను చెయ్యి పట్టుకుని వంటశాల వెనక్కి లాక్కుపోయాడు.

"చెప్పప్పా. ఇది నాదా, దానిదా?"

"రాత్రి నిద్రపోయినావా?"

"పోయినా. మీ అక్క గురకకు ఒకసారి లేచి మళ్ళీ పోయినా."

"మాత్ర?"

"వేసుకున్నా."

ఆయన మొహంలోకి చూశాను. మాట నిదానంగా ఉంది. అంతా తెలుగే.

"ఇది నీదే బావా," అన్నాను.

"నాదేనా?" అన్నాడు. పోయిందనుకున్న వస్తువు కాళ్ళ దగ్గరే కనిపించినట్టు చూశాడు. తర్వాత పంక్తిలో కూర్చుని ఓళిగ మీద ఓళిగ, అదే బొబ్బట్టు, వేయించుకున్నాడు. "నెయ్యి ఇంకొంచెం పొయ్యమ్మా, ఈ సంతోషం నాదే!" అని వడ్డించే ఆమెతో అంటే, ఆమెకు అర్థం కాక నవ్వింది.

కర్మలు అయ్యాక నేనూ అక్కా షెడ్డులోకి పోయాం. వాకిలి దగ్గరి వరుస బావ తన చేత్తోనే చూసుకునేది. ఆయన తొడిగిన టోపీలు అట్లాగే ఉన్నాయి, లోపల మొగ్గలు నిండాయి. అక్క ఒకదాన్ని పట్టుకుని, "లారీ కంపెనీ మాదిరి అన్నాడు కదప్పా," అని ఉన్నట్టుండి నవ్వింది. గట్టిగానే నవ్వింది. వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నావైపు తిరిగింది.

"ఆయన పోయి ఇంకా ఇల్లే సర్దుకోలేదు, నేను నవ్వుతా ఉండాను. నాకేమన్నా అయిందా అప్పా?"

"ఏమీ కాలేదక్కా. అది నీదే."

ఆమె కొంగు తీసింది. వల నెమ్మదిగా జార్చి అరచేతిలో పెట్టుకుంది. మొగ్గ వెంటనే విచ్చుకోలేదు. దాని మీద వల గళ్ళు సన్నగా పడి ఉన్నాయి. మేమిద్దరం కదలకుండా చూస్తూ నిలబడ్డాం. పైపొరలో ఒక రేకు అంచు కొంచెం లేచింది.