పదమూడో ప్రశ్నలో రుమ్ ఎవరు?

పొద్దున్నే మా పొయ్యిల మీదికి రెండు గిన్నెలు ఎక్కేవి. పెద్దదాంట్లో సోయా గింజలు, చిన్నదాంట్లో జిగురు. సోయా నా పని. ఉడికించి, పొట్టు తీసి, అరటాకుల్లో కట్టి పులియబెట్టి, తెంపే చేసి సంతలో అమ్ముతాను. జిగురు ఆయన బడికి. కర్రపెండలం పిండి నీళ్ళలో కలిపి, గరిటె ఆపకుండా తిప్పుతూ, గాజులా మెరిసేదాకా కాయాలి. పంతొమ్మిదేళ్ళు కాచాను. ఇప్పుడు పెద్ద గిన్నె ఒక్కటే ఎక్కుతోంది. చిన్నది గోడమేకుకి వేలాడుతోంది. దాన్ని చూస్తే ఏడుపు రావాలి. మొదట్లో వచ్చేది. ఇప్పుడు కోపం వస్తోంది.

మా ఆయన పేరు పార్దియో. మా ఊరి బడిలో నాలుగో తరగతి మేష్టారు. పంతొమ్మిదేళ్ళూ తాత్కాలిక మేష్టారే. పర్మనెంటు చేస్తామని ఏటా కాగితాలు అడిగేవారు, ఈయన ఏటా ఇచ్చేవారు.

మా ఇళ్ళలో మాట్లాడేది జావా భాష. బడిలో నేర్పేది ఇండోనేషియా భాష. పిల్లలకి అందులో మాటలు వస్తాయి గానీ, మాటకి ముందో వెనకో చిన్న ముక్క చేరి కొత్త మాట అయ్యే చోట తడబడతారు. పాఠ్యపుస్తకంలో ఆ ముక్కలన్నీ పట్టిక వేసి ఉంటాయి. పిల్లలు దాన్ని బట్టీపట్టి, అప్పజెప్పి, మర్నాటికి మరిచిపోతారు. ఈయనకి అది నచ్చేది కాదు. నూడుల్స్ అట్టపెట్టెలు కోయించి, అట్ట మీద కాగితం అంటింపజేసి, మాటలు రాసేవారు. అసలు మాట నల్ల సిరాతో పెద్ద అట్ట మీద. తలముక్కలు ఎర్ర సిరా, తోకముక్కలు నీలం సిరా. రెండూ బట్టలు ఆరేసే క్లిప్పులతో అసలు మాటకి తగిలించాలి. 'ఆజర్' అన్న మాటకి ముందు 'బెల్' తగిలిస్తే నేర్చుకోవడం, 'మెంగ్' తగిలిస్తే నేర్పడం, ముందు 'పెల్' వెనక 'ఆన్' తగిలిస్తే పాఠం.

"ఒక్క ఆజర్‌కే ఎంత సంసారముందో చూడు రుమ్" అనేవారు. నేను నాలుగో తరగతి మధ్యలో పొగాకు కోతకి పోయి మళ్ళీ బడి మొహం చూడలేదు. ఆ పాఠం నాకు వచ్చింది ఈ అట్టలు కోస్తూనే.

నేను సంత నుంచి వచ్చేసరికి ఆయన బడికి వెళ్ళిపోయేవారు. ఏ అట్టలు కోయాలో, ఎన్ని కోయాలో నోటుపుస్తకంలో రాసి పెట్టేవారు. పైన పిల్లలకి ప్రశ్నలు, వాక్యాలు. పేజీ అడుగున నాకు కబుర్లు. ఆ పుస్తకాలు మూడున్నాయి. మేమిద్దరం ఎక్కువగా మాట్లాడుకున్నది వాటిలోనే అనుకుంటాను.

వేరే ఊళ్ళ బడుల నుంచి మేష్టార్లు మా బడి చూడడానికి వచ్చేవారు. అట్టలు ఈయనవి. మైకు పట్టుకుని వివరించేది హెడ్మాస్టరు హెందార్తో గారు. సర్టిఫికెట్టు ఆయనకే.

"మీకు నోరు లేదా?" అని అడిగాను ఒకసారి.

"పిల్లలకి వచ్చింది కదా. ఇంకేం కావాలి?"

"నాకు కావాలి. రాత్రంతా అట్టలు కోసింది నేను."

నవ్వి టీ తాగారు. ఆ నవ్వు మీద నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే.

ఈ వానలు మొదలైనప్పుడు జ్వరం పట్టుకుంది. సెలవు పెట్టమంటే "నాలుగో తరగతికి ఎవరున్నారు?" అన్నారు. పన్నెండో రోజున ఆస్పత్రిలో పోయారు.

నలభయ్యో రోజు ప్రార్థనకి హెందార్తో గారు వచ్చారు. అందరితో కూర్చుని ప్రార్థన చదివారు, వచ్చినవాళ్ళకి ఇచ్చే అన్నం పొట్లం తీసుకున్నారు. వెళ్ళబోతూ, "పార్దియో నోటుపుస్తకాలున్నాయి కదమ్మా, ఒకసారి చూసి పంపిస్తాను" అన్నారు. మంచి బట్టలో చుట్టి నా చేత్తో నేనే ఇచ్చాను. ఈ మాట రాస్తుంటే నా చెయ్యి నేనే కొరుక్కోవాలనిపిస్తోంది.

రెండు నెలలకి పక్కింటి సార్మి అక్క ఒక కొత్త పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చింది. అక్క మనవరాలు నాలుగో తరగతి.

"రుమ్, ఇది చూడు. దీనికి జవాబు ఏం రాయాలో మా ఇంట్లో ఎవళ్ళకీ అంతు చిక్కలేదు. పదమూడోది."

నాలుగో తరగతి అభ్యాస పుస్తకం. అట్ట మీద రంగురంగుల బొమ్మ, బొమ్మ కింద 'కూర్పు: హెందార్తో'. తెరిస్తే అన్నీ మా ఇంటి వాక్యాలే. మా నల్లమేక పక్కింటి బెండమొక్కలు తినడం, మా చూరు కారడం, సార్మి అక్క సైకిలు నేర్చుకుంటూ కాలవలో పడడం.

"ఇది నేనే!" అంది అక్క. "నేను పడ్డది బడిపిల్లలందరికీ తెలియాలా?"

పదమూడో ప్రశ్న దగ్గర ఆగాను. ఎర్రముక్కో నీలంముక్కో తగిలించమని రెండు ఖాళీలు వదిలారు. వాక్యం ఇది: 'రుమ్, జిగురు చల్లారాక అంటించు, నిన్నటిలా చెయ్యి కాల్చుకోకు.'

అది ప్రశ్న కాదు. పేజీ అడుగున నాకు రాసిన కబురు. బడి ఆఫీసులో టైపు చేసిన పిల్లకి తెలియలేదు. వరసలో ఉంది కదా అని అంకె వేసి, ఖాళీలు పెట్టి కొట్టేసింది.

అక్క నా మొహం చూసి, "ఏడవకే" అంది.

"ఏడవడం లేదు. చెప్పులు ఎక్కడున్నాయో చూడు."

సంతకి తప్ప ఎక్కడికీ పోని దాన్ని. ఆ రోజు మాత్రం తిన్నగా బడి ఆఫీసు గదిలోకి నడిచాను. నలుగురు టీచర్లు అరటికాయ బజ్జీలు తింటున్నారు.

"రండమ్మా, కూర్చోండి" అన్నారు హెందార్తో గారు. "టీ తాగుతారా?"

"తాగను. ఈ పుస్తకం ఎవరు రాశారు?"

"అదా... మా మేష్టార్ల బృందం అంతా కలిసి చేసింది. పార్దియో సాయం కూడా ఉందనుకోండి."

"ఆయన పేరేది?"

"అట్ట మీద చోటు లేదమ్మా. ఇదంతా ఆఫీసు పద్ధతి. మీకు అర్థం కాదు."

"అర్థం కానిది ఒకటుంది, చెప్పండి. పదమూడో ప్రశ్నలో రుమ్ ఎవరు?"

ఆయన పుస్తకం తిప్పారు. చదివారు. మళ్ళీ చదివారు. వెనకాల ఒక టీచరుకి బజ్జీ గొంతుకి అడ్డం పడి దగ్గు వచ్చింది. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

"టైపింగులో తప్పు" అన్నారు చివరికి.

"తప్పు కాదు సార్. ఈ పుస్తకంలో నిజం అదొక్కటే." నా గొంతు అంత పైకి లేస్తుందని నాకే తెలియదు. "ఆ జిగురు కాచింది నేను. చెయ్యి కాలింది నాది. ఇదిగో మచ్చ. మీరు ఏ రోజు జిగురు ముట్టుకున్నారు?"

"కోపం తగ్గించుకోండమ్మా, మీరు దుఃఖంలో ఉన్నారు..."

"దుఃఖం ఇంటి దగ్గర పెట్టి వచ్చాను. ఆయన పేరు వేయండి. నోటుపుస్తకాలు ఇవ్వండి."

నోటుపుస్తకాలు ఇచ్చారు. పేరు సంగతి 'చూద్దాం' అన్నారు.

శనివారం మధ్యాహ్నం బడి బంట్రోతు మోటారు సైకిలు మీద రెండు కట్టలు తెచ్చి మా అరుగు మీద దింపాడు. వేరే ఊళ్ళ బడులకి పంపాల్సిన కొత్త పుస్తకాలు. వాటితో పాటు ఒక కవరు, నిండా తెల్ల కాగితపు పట్టీలు. వేలెడు పొడుగు. ఒక్కో దాని మీద ఒకటే వాక్యం అచ్చు వేశారు: '13. అమ్మ వాకిలి ఊడుస్తోంది.'

"సోమవారం పైనుంచి ఇన్స్పెక్టరు వస్తున్నారట" అన్నాడు బంట్రోతు, నేల చూస్తూ. "ఆ పాత వాక్యం మీద ఇవి అంటించమన్నారు సారు. మీ జిగురు అయితే కాగితం ముడత పడదంట. మీరైతే శుభ్రంగా చేస్తారని..."

నా పేరు మీద నా చేతే కాగితం అంటించమని పంపాడు హెందార్తో. నా జిగురుతో. పేరులేని ఒక అమ్మని తెచ్చి వాకిలి ఊడవమని నిలబెట్టాడు.

"నా పేరు పోయినా పరవాలేదు. అట్ట మీద పార్దియో అని ఇంకో పట్టీ అచ్చు వేయించి పంపమని చెప్పు" అన్నాను. "అవి వస్తే ఇవీ అంటిస్తాను, రెండు కట్టలూ. ఒక్కటీ ముడత పడదు."

సాయంత్రం వాడే తిరిగి వచ్చాడు. "అట్ట ముట్టుకోవద్దన్నారమ్మా. లోపలిది మాత్రం అంటించాలట."

సార్మి అక్క కట్టల చుట్టూ తిరిగింది. "కాలవలో పారేయ్. నేను పడ్డ చోటే పడేస్తాను, లోతు నాకు తెలుసు."

"పుస్తకాలేం చేశాయక్కా? వాక్యాలు ఆయనవి. పిల్లలు చదవాలి."

"మరి అంటిస్తావా?"

ఆదివారం వాన పడితే కట్టలు తడవకుండా లోపలికి జరిపాను. కవరు విప్పలేదు.

సోమవారం పొద్దున్న సోయా పొయ్యెక్కించాను. పక్క పొయ్యి చల్లగా ఉంది. ఏడింటికి బంట్రోతు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అయిపోయాయా అమ్మా?"

"తీసుకెళ్ళు."

వాడు పైపుస్తకం తెరిచి పదమూడో ప్రశ్న చూశాడు. రుమ్ అక్కడే ఉంది. కవరు బరువు చేత్తో చూసి, నా వైపు చూశాడు.

"సారు నన్ను అడుగుతారు. ఏం చెప్పను?"

"జిగురు కాయలేదని చెప్పు."

వాడు రెండు కట్టలూ బండికి కట్టుకున్నాడు. చిన్న గిన్నె మేకు మీదే ఉంది. సోయా నురగ పొంగి మూత ఎగురుతోంటే, పెద్దది దించడానికి లోపలికి వెళ్ళాను.