యారాడలో చూసిన ఇల్లు

ఎనభయ్యో దశకం మొదట్లో సంగతి. నాగపూర్‌లో పుట్టి అక్కడే ఉద్యోగం చేసిన నేను, రిటైరయ్యాక ఉండటానికి ఇల్లు చూసుకుందామని ఒక్కణ్ణే విశాఖపట్నం వచ్చాను. అమ్మానాన్నల వల్ల తెలుగైతే వచ్చుగాని ఈ ప్రాంతం నాకు పూర్తిగా కొత్త. యారాడలో సముద్రానికి ఎదురుగా, ఊరికి కాస్త ఎడంగా ఉన్న పెంకుటిల్లు చూడగానే నచ్చేసింది.

తిరుగు బస్సులో చేపల గంపతో ఒకామె నా పక్కన కూర్చుంది. ఏ పనిమీద వచ్చానని అడిగింది. ఆ ఇంటి సంగతి చెప్పగానే ఆమె మొహంలో నవ్వు పోయింది.

“మీ ఆడోలికి మన మాటొచ్చా బాబూ?”

“రాదమ్మా. మరాఠీ ఆవిడ.”

ఆమె గంపని కాళ్ల దగ్గరికి లాక్కుంది.

“మునుపు ఆ ఇంట్లో ఉన్నోలూ ఇద్దరే. ఎక్కడో దూరపోలు. ఓ పొద్దుట ఆయన తానానికని సంద్రంలో దిగాడు. ఆయమ్మ మా గుడిసెల కాడికి పరిగెట్టుకొచ్చి ఏటేటో అరిసింది. మాకేటీ తెలీలేదు. ఆ మాటలిని నవ్వుకున్నాం బాబూ.”

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాతేమైందని నేను అడగలేదు.

ఆ ఇల్లు కొనలేదు. పట్నంలో, గోడకి గోడ ఆనుకుని ఉన్న వాటాల్లో ఒకటి తీసుకున్నాం. సామాను విప్పకముందే నా భార్యకు ‘రండి’ అన్న మాట నేర్పాను. గట్టిగా అనమన్నాను. మొదట ఇదే ఎందుకని నవ్వింది.

ఇంటికొచ్చినవాళ్లను అలా పిలుస్తారని చెప్పాను.