తొమ్మిదో పిట్ట ఆవులింత

నూలు మిల్లు శిశుగృహంలో ఆయాగా చేరిన ఏడాదే ఆమె ఆ పాట కట్టింది. పిల్లలు పదిమంది; అందరూ మూడేళ్ళకూ ఐదేళ్ళకూ మధ్యవాళ్ళు. ఒక్కచోట నిలబడితే ఒట్టు. తలలు లెక్కపెట్టబోతే ఐదో తల ఏడో తల వెనక్కి జారుకునేది. అందుకని ఆమె ‘ఒకటో పిట్టా, గూటికొచ్చావా?’ అని రాగం తీస్తే, ఆ పిట్ట ఒక చప్పట కొట్టాలి. పది చప్పట్లు వినిపిస్తే గూడు నిండినట్టు.

మూడో ఏట ఒక ఉదయం, తొలి షిఫ్టు మొదలైన గంటకు, గోడ అవతల దూది విడగొట్టే గదిలో నిప్పు లేచింది. ఆమె ఒక నూలు తాడును పిల్లల చేతుల్లో పెట్టి వెనక గుమ్మం గుండా నడిపించింది. ఆవరణ నిండా పొగ. మూరెడు దూరంలోని ముఖం ఆనవాలు తెలియడం లేదు. ఆమె పాట ఎత్తుకుంది. పది చప్పట్లూ వినబడ్డాయి.

మంటకు గాలి అందకుండా ఆ గుమ్మానికున్న ఇనుప తలుపు మూయడం మిల్లు నియమం. వాచ్‌మన్ గడియ పట్టుకుని నిలబడ్డాడు.

“ఆయమ్మా, ఒకసారి మూశానంటే మంటలారేదాకా తియ్యను. అందరూ వచ్చినట్టేనా?”

వచ్చారనబోయి ఆగింది. ఎనిమిదో చప్పటా తొమ్మిదో చప్పటా ఒకే చోటినుంచి వచ్చాయి.

“తొమ్మిదో పిట్టా!”

మళ్ళీ చప్పట. తడుముతూ వెళ్ళి ఆ చేతులు పట్టుకుంది. అవి ఎనిమిదో పిల్ల గడుగ్గాయివి.

“నువ్వా? ఆవులింత ఏదే?” ఎప్పుడూ నిద్రమొహంతో తిరిగే తొమ్మిదో పిల్లకు ఆ పేరు ఆయా పెట్టిందే.

“లోపల బొమ్మల బుట్ట వెనకాల బజ్జుంది. దాని చప్పట రోజూ నేనే కొడతాగా!”

రోజూనట! ఆయా తాడు కొసను వాచ్‌మన్ చేతిలో పెట్టింది.

“అన్నా, నా పాట వినబడినంతసేపు మూయకు.”

“పిచ్చా నీకు? పాట ఆగితే?”

“ఆగదు.”

నేలకు దగ్గరగా పొగ పలచన. ఆమె మోకాళ్ళమీద లోపలికి పాకుతూ పాడింది. గోడ వెంబడి పన్నెండు బారలు. ఆరో పిట్ట దగ్గర గొంతు మండింది. ఎనిమిదో పిట్ట దగ్గర దగ్గు తెర కమ్మి మాట ఆగిపోయింది. వెనక తలుపు కిర్రుమంది. అంతలో వేళ్ళకు చిన్న పాదం తగిలింది.

“తొమ్మిదో పిట్టా, గూటికొచ్చావా?” ఆమె అరిచింది, అది పాటలా లేదు. తలుపు కిర్రు ఆగింది.

భుజానికెత్తుకున్న పిల్ల ఆమె మెడమీద దగ్గి, ఆవులించింది.

శిశుగృహం మళ్ళీ తెరిచిన నాటి నుంచి చప్పట్లు రద్దు. ఎవరి కూత వారిదే. ఒకరిది ఇంకొకరు కూయరాదు. తొమ్మిదో పిట్టకు ఆవులింత దక్కింది.

ఇప్పుడు ఆ పాట ఊళ్ళోని బడులన్నిటా పాడతారు. వార్షికోత్సవాల్లో తొమ్మిదో పిట్ట నోరంతా తెరిచి ఆవులిస్తే హాలు గొల్లుమంటుంది. ముందు వరుసలో కూర్చున్న ముసలి ఆయా మాత్రం నవ్వదు. ఒక్కో కూతకూ ఒక్కో వేలు ముడుస్తుంది. పదో వేలు ముడిచాకే వెనక్కి చేరబడుతుంది.