గుల్మర్గ్‌లో బూట్లు బయట విడవకండి

ఉదయం పది నలభైకి మా చింటు ఏడుపు ఆపేశాడు. అంతకుముందు పావుగంట నుంచి "మమ్మీ, కాళ్లు నొస్తున్నయ్" అని ఒకటే గోల. వాణ్ణి చెక్కబండి మీద కూర్చోబెట్టి మంచులో లాగుతున్న మా ఆయన శ్రీకాంత్ "మంచులకు వచ్చి చలి అంటవేందిరా!" అని నవ్వాడు. తర్వాత చింటు ఒక్కసారిగా నెమ్మదించి, "ఇప్పుడు నొస్తలేవు మమ్మీ. కాళ్లే లేనట్టున్నయ్" అన్నాడు. ఐదేళ్ల పిల్లవాడు నొప్పి పోయిందంటే నాకు అప్పుడే అసలు భయం మొదలైంది.

పిల్లలతో గుల్మర్గ్ వెళ్లేవాళ్లకు పనికొస్తుందని మొదటినుంచీ రాస్తున్నాను.

శంషాబాద్‌లో మా డాబా మీదుగా రోజంతా విమానాలు పోతాయి. మేము మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. మా తొమ్మిదేళ్ల అక్షర మంచు చూడాలని పట్టుబట్టడంతో జనవరి చివర్లో బయలుదేరాం. నాది ప్రతిదానికీ భయపడే స్వభావం. అందుకే శ్రీకాంత్ ముందే మాట తీసుకున్నాడు: "ఆడికి పోయినంక నువ్వు పరేషాన్ గావద్దు, పిల్లల్ని పరేషాన్ చెయ్యొద్దు."

తెల్లవారుజామున నాలుగింటికి ఆటో ఎక్కితే పావుగంటలో ఎయిర్‌పోర్టు. ఢిల్లీలో విమానం మారి ఒంటిగంటకు శ్రీనగర్‌లో దిగాం. అక్కడినుంచి టాక్సీలో తంగ్‌మర్గ్. ఆపైన మంచు దారి కనుక చక్రాలకు గొలుసులు కట్టిన బండిలోకి మారాలి. పొడుగు రబ్బరు బూట్లు కూడా అక్కడే కిరాయికి ఇస్తారు. లోపల గుడ్డ అస్తరు ఉంటుంది, తీసుకునేముందు చెయ్యి పెట్టి తడి చూసుకోండి.

బండి డ్రైవరును మంచు గురించి అడిగాను. హైదరాబాదు వాళ్లం కనుక ఉర్దూతో ఇబ్బంది లేదు. డిసెంబరు ఆఖరు నుంచి నలభై రోజులు పెద్ద చలి అట. మంచు జనవరి, ఫిబ్రవరుల్లో బాగా పడుతుంది, ఒక్కో ఏడు ఆలస్యమవుతుంది. మార్చిలో పొద్దున గట్టిగా ఉండి మధ్యాహ్నానికి మెత్తబడుతుంది. గాలి ఎక్కువైతే కొండ మీదికి తీగల మీద వేలాడుతూ పోయే బండిని, అదే గొండోలాను, ఆపేస్తారు. "ఏ రోజు పడుతుందో మాత్రం నన్నడక్కండి" అన్నాడు. మహేశ్వరంలో వాన కోసం ఆకాశం చూసే మా నాన్న గుర్తొచ్చాడు.

నాలుగున్నరకు బస చేరాం. యజమాని అరవై ఏళ్ల పెద్దాయన, గదిలో కట్టెల పొయ్యి వెలిగించి వెళ్లాడు. మేము ఇంటి అలవాటు ప్రకారం నాలుగు జతల బూట్లూ గడప బయట వరసగా విడిచి లోపలికి వచ్చాం. ఎవరికీ అనుమానమే రాలేదు. రాత్రి మంచు పడింది. పొద్దున చూస్తే బూట్ల నిండా ఉప్మారవ్వ పోసినట్టుంది. శ్రీకాంత్ దులిపి, టవలుతో తుడిచి, "అయిపాయె, తొడుక్కోండ్రి" అన్నాడు. అస్తరు తడిగానే ఉందని నాకు తెలిసింది. ఇచ్చిన మాట గుర్తొచ్చి ఊరుకున్నాను.

పది నలభైకి ఇక ఊరుకోలేదు. చింటును చంకనెత్తుకుని బసకు పరుగెత్తాను. సాక్సు లాగేస్తే వేళ్లు మైనంలా తెల్లగా ఉన్నాయి. శ్రీకాంత్ వాడి కాళ్లు పొయ్యి దగ్గర పెట్టబోయాడు.

"ఆగు బేటా!" అని పెద్దాయన అడ్డం వచ్చాడు. "తిమ్మిరెక్కిన కాలికి కాలినా తెలియదు. రుద్దకండి కూడా. అమ్మా, నీ కడుపుకు ఆనించుకో."

స్వెట్టరు లోపల వాడి పాదాలు పెట్టుకున్నాను. రెండు మంచుగడ్డలు పెట్టుకున్నట్టే ఉంది. చాలాసేపటికి చింటు కెవ్వుమన్నాడు. "సూదులు గుచ్చినట్టున్నయ్ మమ్మీ!"

"ఏడవనీ. ఇప్పుడు ఏడిస్తేనే మంచిది" అన్నాడు పెద్దాయన. వాడితోపాటు నేనూ ఏడ్చాను. వేళ్లు ఎర్రబడ్డాయి. దవాఖానలో డాక్టరు చూసి ప్రమాదం లేదన్నాడు. గుమ్మం దాటుతుంటే శ్రీకాంత్ మెల్లగా, "ఇగ నువ్వు పరేషానైనప్పుడు నేను నవ్వ" అన్నాడు.

మర్నాడు విమానమెక్కి నిన్న రాత్రి ఇల్లు చేరాం. గుల్మర్గ్ అందమైన చోటు. పిల్లలతో నిశ్చింతగా వెళ్లొచ్చు, నేనూ మళ్లీ వెళ్తాను. బూట్లు గదిలో ఆరబెట్టుకోండి, పొడి సాక్సులు మూడు జతలు ఎక్కువ పెట్టుకోండి.

ఈ పొద్దున చింటు స్కూలు బూట్లు మంచం పక్కనే ఉన్నాయి. మా అత్తమ్మ చూసి, "ఏందిరా గిది? చెప్పులు పక్కల వెట్టుకొని పంటవా?" అని అరిచింది.

"బయట వెడితే మంచు పడ్తది నాయినమ్మా!"

"శంషాబాద్‌ల మంచేందిరా!"

బూట్లు బయట పెట్టి వచ్చి, పిల్లలిద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను. "బూట్లు ఏ ఊర్ల ఎక్కడ విడవాల్నో మనం అడిగి తెలుసుకుందాం. మీరు మాత్రం ఏ ఊర్లున్నా ఒక్కటి యాదిపెట్టుకోండ్రి. నొస్తే నాకు చెప్పాలె. నొచ్చుడు ఆగినా చెప్పాలె. ఎవరు నవ్వినా సరే, నేను వినేదాక చెప్పాలె."