పని అందనివాళ్ళ జాబితా

సిరిసిల్ల నుంచి వచ్చిన గుడ్డ తాను విప్పితే ముందు గంజి వాసన వస్తుంది. ఈ ఉదయం కటింగ్ హాల్లో పది తాన్లు ఒకేసారి విప్పారు. ఆ వాసనకు నా చేయి దానంతటదే గుడ్డ అంచు మీదికి పోయింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దాను. అలా రుద్ది, ఆ గుడ్డ ఎన్ని ఉతుకులకు ఆగుతుందో చెప్పడం నఫీసా ఆపా అలవాటు. నాకు రుద్దడం వచ్చింది గానీ చెప్పడం రాలేదు. ఆమె పోయి ఏడాది కావస్తోంది. ఆమెను చూడనివాళ్ళకు ఆమె గురించి కొంచెమైనా చెప్పాలని ఇది రాస్తున్నాను.

మాది జగిత్యాలలో లంగాలు తయారుచేసే చిన్న యూనిట్. గుడ్డను ఇక్కడ కత్తిరించి, కట్టలు కట్టి, ఆటోలో ఊళ్ళకు పంపుతాం. కోరుట్ల, కథలాపూర్, మల్యాల వైపు నలభై మంది ఆడవాళ్ళు ఇళ్ళలో కుట్టి తిరిగి పంపుతారు. ఎవరికి ఎన్ని కట్టలు పోవాలో చూసేది ఆపా. ఒకప్పుడు ఆమె కూడా అలాగే ఇంట్లో మిషను తొక్కిన మనిషి. ఆఫీసులో మేం నలుగురం, ఆమె మా పెద్ద, అందరికీ ఆపా, అంటే అక్క. పుస్తకంలో రాసుకోవడమనేది ఆమెకు లేదు, అంతా తలలోనే. రోజూ పొద్దున ఫోన్ పట్టుకుని మొదలుపెట్టేది: "ఏం గంగవ్వా, మోకాలు నొప్పి తగ్గిందా? ఇరవై కట్టలు పంపుతున్న. వద్దనకు, నీ నవ్వు ఇనవడుతనే ఉన్నది." నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ మాటలు వినడానికే త్వరగా వచ్చేదాన్ని.

అందుకే, ఈ పనంతా కంప్యూటర్‌కు అప్పజెబుదామని ఆమే అన్నప్పుడు నాకు నచ్చలేదు. కోడ్ రాయనక్కరలేని కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటుందని, తెర మీద డబ్బాలను గీతలతో కలిపితే చాలునని ఆమె ఎక్కడో విన్నది. పని రాగానే మెసేజ్ దానంతటదే పోతుంది. అవతలి మనిషి 'సరే' నొక్కగానే పేరు ఆటో జాబితాలో చేరుతుంది. "మీరు మాట్లాడినట్టు మిషను మాట్లాడుతదా ఆపా?" అన్నాను. ఆమె నవ్వలేదు. "మాట్లాడుడు వేరు, యాది ఉంచుకునుడు వేరు బేటా. నా ఒక్కదాని యాది మీద నలభై ఇండ్లు నిలవడొద్దు," అంది. ఎందుకలా అందో అప్పుడు నాకు తెలియలేదు.

నెలరోజులు కూర్చుని నలభై పేర్లూ ఎక్కించాను. ఒక్కో మనిషికీ విడిగా ఒక గుర్తు ఇమ్మని అది అడిగితే ఫోన్ నంబరు పెట్టాను. అంతకంటే తేలికైన గుర్తు నాకు తోచలేదు. మొదటి మూడు వారాలు అన్నీ సాఫీగా సాగాయి. ఆఫీసు నిశ్శబ్దంగా ఉండేది. నాలోపల కొంచెం గర్వం కూడా కలిగింది.

నాలుగో వారం కథలాపూర్ నుంచి లచ్చవ్వ వచ్చింది. వచ్చీ రాగానే సంచిలోంచి ఒక లంగా తీసి ఆపా బల్ల మీద విసిరింది.

"గీ కుట్టుల తప్పేడున్నదో జర సూపియ్యి ఆపా. మూడు వారాలాయె, ఒక్క కట్ట లేదు. నా ఫోనుకే మెసేజ్ అస్తది, దాంట్ల మా యారాలు పేరుంటది. 'సుజాత గారూ' అట! అది నా మీద ఏం చెప్పింది మీకు?"

ఆపా లంగాను వెలుతురులో పట్టుకుని కుట్టంతా చూసింది. "తప్పేం లేదు లచ్చవ్వా," అని నా వైపు తిరిగింది. నేను అప్పటికే వెతుకుతున్నాను, దొరికింది కూడా. ఆ ఇంట్లో తోడికోడళ్ళు ఇద్దరికీ కలిపి ఒకటే ఫోన్. మగవాళ్ళిద్దరూ దుబాయి నుంచి ఆ నంబరుకే చేస్తారు. నేను ముందు లచ్చవ్వను ఎక్కించాను, తర్వాత అదే నంబరుతో సుజాతను. రెండూ ఒక మనిషేననుకుని, యంత్రం పాత పేరు చెరిపి కొత్త పేరు ఉంచింది.

"సిస్టమ్ తప్పు ఆపా," అన్నాను నెమ్మదిగా.

"సిస్టమ్‌కు గట్ల చెయ్యమని చెప్పిందెవలు?"

ఆపా లేచి చెప్పులు వేసుకుంది.

"ఇద్దరం పోదాం. గా ముచ్చట వాళ్ళింట్ల నువ్వే చెప్పు, యారాలు ముందటనే. నింద పడ్డది ఆమె మీద."

అప్పటికప్పుడే లచ్చవ్వతో కలిసి బస్సెక్కాం. కథలాపూర్‌లో వాళ్ళ వాకిట్లో నిలబడి, తప్పు నాదని చెప్పాను. ఎక్కడ, ఎలా జరిగిందో చెప్పాను. లచ్చవ్వ నా వైపు తిరిగింది.

"ఫోను ఒక్కటైతే మనిషి సుత ఒక్కతేనా? మా ఇంట్ల పొయ్యి గూడ ఒక్కటే ఉన్నది. రేపు నీ మిషను ఒక్కదాన్నే తినుమంటదా?"

"నేను చెప్తనే ఉన్న," అంది లోపలి నుంచి సుజాత. "ఈమె ఇంటేనా! మూడు వారాల నుంచి నాకు కూర సుత ఏస్తలేదు."

చాయ్ వచ్చింది. లచ్చవ్వ క్షమించమని అడగలేదు. మొదటి గ్లాసు తీసి సుజాత చేతికిచ్చింది. ఆపా అది చూసి తల దించుకుంది.

మేమిద్దరం తిరుగు బస్సెక్కాం. జగిత్యాల బస్టాండులో దిగాక ఆపా ఇంటివైపు కాకుండా కరీంనగర్ పోయే బస్సు వైపు నడిచింది. ఎక్కడికని అడిగితే "మల్యాలకు" అంది. సీట్లో కూర్చున్నాకే చెప్పింది. మల్యాలలో రాజవ్వ అనే ఆమె రెండేళ్ళ కింద ఆపరేషన్ అయ్యి, నెల రోజులు పని వద్దందట. నెల తర్వాత ఫోన్ చేస్తానని చెప్పిన ఆపా మరిచిపోయింది. మళ్ళీ గుర్తొచ్చేసరికి ఏడాది గడిచిపోయింది.

"అప్పుడన్న చెయ్యాలె గద. సిగ్గుతోని చెయ్యలే. ఆమె అడుగలే, నేను చెప్పలే. ఆమె సుత లచ్చవ్వ లెక్క అచ్చి బల్ల మీద ఇసిరేస్తే బాగుండు," అంది. బస్సు కదిలాక, "నీ మిషను తప్పు చేస్తే ఏడ చేసిందో నిమిషంల దొరికింది బేటా. నా తలకాయల తప్పు ఎవలికి దొరుకుతది? గందుకే తెచ్చిన దాన్ని," అంది.

రాజవ్వ వాకిట్లో కూర్చుని మక్కకంకులు ఒలుస్తోంది. మమ్మల్ని చూసి కంగారుగా లేచి, చీరకొంగుతో అరుగు తుడిచింది. ఆపా కూర్చోలేదు.

"రాజవ్వా, నిన్ను మరిచిపోయిన. యాదికచ్చినంక గూడ నీకు మొఖం చూపియ్యలేకపోయిన. తప్పు నాది."

రాజవ్వకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. "నువ్వు మరిచినవా?" అంది. "నేను నా కుట్టు మంచిగ లేదనుకున్న ఆపా. మొఖం మీద చెప్పలేక ఊకున్నవనుకున్న. మల్ల ఎవలకు కుట్టలే."

లోపలి గదిలో కిటికీ పక్కన మిషను మీద పాత దుప్పటి కప్పి ఉంది. ఆపా చెప్పులు విడిచి లోపలికి పోయింది. ఆ దుప్పటి తీసి, మడతపెట్టి, రాజవ్వ చేతిలో పెట్టింది. ఆపా ఏడవడం నేను చూసింది అప్పుడొక్కసారే.

మరునాడు నేను ఫోన్ నంబరు బదులు ఒక్కొక్కరికీ వేరే గుర్తు పెడుతుంటే, ఆపా నా పక్కన కుర్చీ వేసుకుంది. "నాకు నేర్పు. ఎవలకు పంపినమో చెప్పుడు గాదు, ఎవలకు పంపలేదో చెప్పాలె ఇది," అంది. కళ్ళద్దాలు ముక్కు మీదికి జారుతుంటే, ఒక్కో డబ్బాను మెల్లగా జరుపుతూ, గీత తప్పినప్పుడల్లా ఉర్దూలో తనను తాను తిట్టుకుంటూ మూడు రోజుల్లో ఒక జాబితా తయారుచేసింది. రెండు వారాలుగా పని అందనివాళ్ళ పేర్లు ప్రతి సోమవారం పది గంటలకు మా ముందుకు వస్తాయి. కారణం ఏదైనా సరే, ఆ పేర్లకు మనిషే ఫోన్ చేయాలన్నది ఆమె నియమం. మా దగ్గర యంత్రానికి అప్పజెప్పనిది అదొక్కటే. సరిగ్గా నడుస్తోందో లేదో చూడడానికి మొదట తన పేరే అందులో ఎక్కించుకుంది.

కిందటి వానాకాలంలో, ఇంట్లో పొద్దున నమాజు చేసుకుని లేస్తూ పడిపోయింది. ఆస్పత్రికి తీసుకుపోయేలోపే అయిపోయింది. ఆ తర్వాతి సోమవారం జాబితాలో ఆమె పేరు వచ్చింది. పరీక్ష కోసం పెట్టిన పేరు ప్రతివారం వస్తూనే ఉండేది, మేం దాటవేసేవాళ్ళం. ఆ రోజు దాటవేయలేకపోయాను. మూడో సోమవారం తీసేశాను. అది పని కోసం ఎదురుచూస్తున్నవాళ్ళ జాబితా. వాళ్ళ మధ్య ఎదురుచూడని పేరు ఉంచితే ఆమే ఒప్పుకునేది కాదు.

ఇప్పుడు ఆ ఫోన్లు నేను చేస్తున్నాను. ఆమెలా మోకాలి నొప్పి గురించి, నవ్వు గురించి మాట్లాడడం నాకు రాదు. ఆలస్యం ఎందుకైందో వివరించడానికి నోట్లోకి చాలా మాటలు వస్తాయి. అవన్నీ తర్వాతికి ఆపుకుంటాను. అవతల 'హలో' అనగానే, ఆ మనిషి ఇంకేమీ అనుకోకముందే చెబుతాను: "అక్కా, నీ కుట్టు మంచిగనే ఉన్నది. మేమే మరిచినం."